నానబెట్టిన బాదంతో పాటే థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 48 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా థైరాయిడ్ మాత్ర, మూడేళ్లుగా కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నాను. బాదం తింటే కొలెస్ట్రాల్ తగ్గుతుందని, జ్ఞాపకశక్తికి, జుట్టుకు కూడా మంచిదని విన్నాను. అందుకే నాలుగు నెలలుగా రాత్రి నానబెట్టిన పది బాదం పప్పులను ఉదయం లేవగానే థైరాయిడ్ మాత్రతో పాటు తింటూ, కొలెస్ట్రాల్ మాత్ర మానేశాను. అయినా ఈ మధ్య నీరసం, మతిమరుపు, జుట్టు రాలడం ఎక్కువయ్యాయి. బాదం ఎన్ని గంటలు నానబెట్టాలి? పొట్టు తీసే తినాలా? ఇంకా ఎక్కువ తింటే ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగినది బాదం గురించే అయినా, నన్ను ఆందోళనకు గురిచేసినవి మీరు మాటవరసకు ప్రస్తావించిన రెండు విషయాలు. ఒకటి, థైరాయిడ్ మాత్రను బాదంతో కలిపి వేసుకోవడం. రెండోది, కొలెస్ట్రాల్ మాత్రను ఎవరినీ అడగకుండా మానేయడం. పొట్టు సంగతి తరువాత చెబుతాను, ముందు ఈ రెండూ సరికావాలి.

థైరాయిడ్ లోపానికి సాధారణంగా ఇచ్చే లివోథైరాక్సిన్ మాత్ర మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పరగడుపున వేసుకున్నప్పుడు కూడా ఆ కొద్దిపాటి మందు మొత్తంగా రక్తంలోకి చేరదు. ఇక కడుపులో పీచు, క్యాల్షియం వంటివి ఉన్న ఆహారం దానితో పాటే పడితే, చిన్న పేగు పీల్చుకునే మందు మరింత తగ్గవచ్చు. ఎంత తగ్గుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. అలా కొన్ని వారాలు సాగితే, మాత్ర రోజూ వేసుకుంటున్నా శరీరానికి అందాల్సినంత హార్మోన్ అందక, రక్తంలో థైరాయిడ్ గ్రంథిని ప్రేరేపించే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్ పెరుగుతుంది. అప్పుడు కనిపించే లక్షణాలేమిటో చూడండి: నీరసం, మతిమరుపు, జుట్టు రాలడం, మలబద్ధకం, బరువు పెరగడం. ఏ ఇబ్బందులు తగ్గుతాయని మీరు బాదం మొదలుపెట్టారో, దాన్ని తింటున్న వేళ వల్ల అవే పెరుగుతూ ఉండవచ్చు. అంతేకాదు, రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, కాలేయం తొలగించాలంటే థైరాయిడ్ హార్మోన్ తగినంత ఉండాలి. అది తగ్గితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. సరిగ్గా ఇలాంటి సమయంలోనే మీరు దానికి వాడుతున్న మాత్రను కూడా పక్కన పెట్టారు.

మీ ఇబ్బందులన్నింటికీ ఇదే కారణమని మిమ్మల్ని పరీక్షించకుండా, రిపోర్టులు చూడకుండా నేను తేల్చి చెప్పలేను. రక్తహీనత, విటమిన్ బి12 లోపం, మధుమేహం, నిద్రలేమి, నెలసరి ఆగిపోయే వయసులో వచ్చే మార్పులు కూడా ఇలాంటి లక్షణాలనే కలిగిస్తాయి. కాబట్టి టీఎస్‌హెచ్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ఇతర కొవ్వుల పరీక్ష), హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర పరీక్షలు ఈ వారంలోనే చేయించుకుని మీ వైద్యుణ్ణి కలవండి. బి12 పరీక్ష అవసరమా కాదా అన్నది వారే చెబుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. మాత్రను బాదంతో వేసుకుంటున్న సంగతి మీరు చెప్పకపోతే, టీఎస్‌హెచ్ ఎక్కువగా కనిపించగానే వైద్యులు మోతాదు పెంచే అవకాశం ఉంది. తరువాత ఎప్పుడో మీరు వేళ మార్చుకుంటే పెంచిన మోతాదు పూర్తిగా ఒంటికి పట్టి, గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వంటివి మొదలవుతాయి. అది ఎక్కువ కాలం కొనసాగితే ఎముకలు కూడా బలహీనపడతాయి. అదే కారణంతో, లక్షణాలు ఉన్నాయి కదా అని మీ అంతట మీరు రెండు మాత్రలు వేసుకోవద్దు. రేపటి నుంచి ఉన్న మోతాదునే ఉదయం మంచినీళ్లతో వేసుకుని, ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు బాదం, కాఫీ, టీ, పాలు ఏవీ తీసుకోకండి. క్యాల్షియం లేదా ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మందు ప్రభావం నిలకడకు రావడానికి సమయం పడుతుంది కాబట్టి, వేళ సరిచేసుకున్న ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి.

ఇక కొలెస్ట్రాల్ మాత్ర. కాస్త కటువుగా అనిపించినా చెప్పక తప్పదు: మీరు చేసినది పొరపాటు. ఈ పొరపాటు చేసేవారిని నేను తరచుగా చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. మాత్ర ఆపిన మర్నాడు ఏమీ కాదు, నెల తరువాత కూడా ఏమీ తెలియదు. అందుకే ఆపినా ఫరవాలేదన్న నమ్మకం కలుగుతుంది. కానీ కొలెస్ట్రాల్‌కు సాధారణంగా ఇచ్చే స్టాటిన్ మాత్ర ఆపిన కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత స్థాయికి చేరుకుంటుంది, అది రక్తనాళాల్లో పేరుకుంటున్న సంగతి ఛాతీలో నొప్పి వచ్చే వరకు చాలామందికి తెలియదు. మధ్యరకం మోతాదులో స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తుంది. బాదం కూడా తగ్గిస్తుంది, అది నిజమే. అయితే ఆ తగ్గుదల స్వల్పం, అదీ రోజూ గుప్పెడు చొప్పున, నూనెలో వేయించిన చిరుతిళ్లకు బదులుగా తిన్నప్పుడు. బాదం మందుకు తోడు కాగలదే తప్ప దాని స్థానంలోకి రాలేదు.

అలాగని ఈ ఉత్తరం చదివి పాత మాత్రను మీ అంతట మీరే మొదలుపెట్టమని కూడా నేను చెప్పడం లేదు. థైరాయిడ్ అదుపులో లేనప్పుడు స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, పరీక్షల ఫలితాలు చూసి మీ వైద్యులే నిర్ణయించాలి. మీకు గతంలో గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉన్నా, స్టెంట్ వేసి ఉన్నా పరీక్షల కోసం ఆగకుండా వెంటనే వారిని సంప్రదించండి.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను. బాదం మంచి ఆహారం, అందులో సందేహం లేదు. సుమారు 28 గ్రాముల్లో, అంటే ఇరవై మూడు పప్పుల్లో, 6 గ్రాముల ప్రొటీన్, మూడున్నర గ్రాముల పీచు, పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ ఇలో దాదాపు సగం ఉంటాయి. మెగ్నీషియం కూడా బాగానే లభిస్తుంది. కొవ్వులో అధిక భాగం గుండెకు మేలు చేసే రకమే. అయితే ఆ గుప్పెడులోనే 160కి పైగా క్యాలరీలు ఉంటాయి కాబట్టి, మిగతా తిండి తగ్గించకుండా బాదం పెంచితే బరువు పెరగవచ్చు. మతిమరుపును గానీ జుట్టు రాలడాన్ని గానీ బాదం నయం చేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. మీరు తింటున్న పది పప్పులు చాలు.

నానబెడితే పప్పు మెత్తబడి నమలడం తేలికవుతుంది, పొట్టు సులభంగా వస్తుంది. దాని వల్ల పోషకాలు కొత్తగా పుట్టవు. ఖనిజాలను ఒంటికి పట్టనివ్వదని చెప్పే ఫైటిక్ ఆమ్లం పప్పు లోపల కూడా ఉంటుంది, ఒక రాత్రి నానినంత మాత్రాన పెద్దగా తగ్గదు. పొట్టులో పీచు, పాలీఫెనాల్స్ అనే మేలు చేసే వృక్ష పదార్థాలు ఉంటాయి కనుక రుచి నచ్చితే దానితోనే తినండి, నచ్చకపోతే తీసేయండి. ఎనిమిది గంటలు నానితే సరిపోతుంది. తడి పప్పులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కాబట్టి, ఫ్రిజ్‌లో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కడిగి ఆ రోజే తినేయండి. జిగురు, పులిసిన వాసన వస్తే పారేయండి. చేదుగా ఉన్న పప్పును మింగకండి, చేదు బాదంలో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. తిన్నప్పుడు నోటి దురద, పెదవుల వాపు వచ్చినవారు బాదం జోలికి వెళ్లకూడదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఉన్నవారు, కిడ్నీ పనితీరు తగ్గినవారు తమ వైద్యులను అడిగాకే తినాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు మాత్రల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి, ఏది ఎప్పుడు ఆపారో, దేనితో కలిపి వేసుకున్నారో దాచకుండా చెప్పండి. కోప్పడతారని భయపడకండి, మోతాదు సరిగ్గా నిర్ణయించాలంటే ఆ వివరాలు వారికి కావాలి. ఈలోగా ఛాతీలో నొప్పి, ఆయాసం, విపరీతమైన మగత వంటివి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.