గంజాయి కంపెనీలో ఇంటర్న్‌షిప్.. చేరొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. గంజాయి ఉత్పత్తులు అమ్మే ఒక కంపెనీ డేటా ఎనలిస్ట్‌గా ఇంటర్న్‌షిప్ ఇస్తానందట. సీపీటీ (చదువులో భాగంగా పని చేసేందుకు విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి) మీద చేరతానంటున్నాడు. ‘ఇక్కడ అది లీగలే నాన్నా, నేనేం తాగను, కంప్యూటర్ ముందు పనే కదా’ అంటున్నాడు. స్టైపెండ్ బాగుంది కానీ నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చేరొద్దని చెప్పండి. మీ టెన్షన్‌లో అర్థం ఉంది.

మీ అబ్బాయి చెప్పింది అబద్ధమేమీ కాదు. మిస్సోరి ఓటర్లు వైద్యం కోసం గంజాయి వాడకాన్ని 2018లో ఆమోదించారు. 21 ఏళ్లు నిండినవారు సరదాకు వాడుకోవడాన్ని 2022 నవంబరులో ఒప్పుకొన్నారు. అక్కడ దుకాణాలు లైసెన్సుతో, బహిరంగంగానే నడుస్తున్నాయి. అయితే మీవాడికి ఎఫ్‌1 (విద్యార్థి) వీసా ఇచ్చింది మిస్సోరి కాదు, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం. సరదా వాడకానికి గంజాయి అమ్మడం ఫెడరల్ చట్టం కింద ఇప్పటికీ నేరమే. అమెరికా పౌరులకు ఈ తేడా రోజువారీ బతుకులో పెద్దగా తెలియదు. వీసా మీద ఉన్నవాళ్ల భవిష్యత్తు మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

‘నేను తాగను’ అన్న మాట ఇక్కడ కాపాడదు. మాదకద్రవ్యాల వ్యాపారంలో పాల్గొన్నారనో, తెలిసీ సాయపడ్డారనో నమ్మడానికి తగిన కారణం కనిపిస్తే, కోర్టులో శిక్ష పడకపోయినా వీసా నిరాకరించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. పౌరసత్వ దరఖాస్తుల విషయంలో వాటిని పరిశీలించే ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో ఇంకా స్పష్టంగా చెప్పింది: రాష్ట్రం అనుమతించినా సరే, ఈ రంగంలో ఉద్యోగం అడ్డంకి కావచ్చని. రేపు మీవాడు స్టాంపింగ్‌కు (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి) హైదరాబాద్ కాన్సులేట్‌కు వస్తే డీఎస్‌-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో పాత ఉద్యోగాల వివరాలు రాయాలి. మాదకద్రవ్యాల చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. నిజం రాస్తే చిక్కులు. దాచి దొరికితే ఇంకా ఘోరం, అమెరికా గడప శాశ్వతంగా మూసుకుపోవచ్చు. కొన్ని నెలల స్టైపెండ్ కోసం ఇంత పణం పెట్టడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు.

ఉద్యోగం సంగతి పక్కనపెట్టి ఇంకొకటి చెప్పండి. మిస్సోరిలోని కాన్సస్ సిటీ దగ్గర రోడ్డు దాటితే రాష్ట్రం మారిపోతుంది. అవతలి కాన్సస్ రాష్ట్రంలో వైద్యానికి కూడా గంజాయికి అనుమతి లేదు. వారాంతంలో ఆ రాష్ట్రంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్ ఊళ్లో తెలిసినవాళ్లింటికి కారులో వెళ్తున్నప్పుడు రూమ్మేట్ మరిచిపోయిన ప్యాకెట్ సీటు కింద దొరికినా కేసే. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీలు క్యాంపస్‌లో దీన్ని ఎలాగూ నిషేధిస్తాయి. నిద్ర పట్టడం లేదని ఎవరైనా మెడికల్ కార్డు (వైద్యానికి గంజాయి వాడొచ్చని రాష్ట్రం ఇచ్చే కార్డు) తీసుకోమంటే, ఆ కార్డును ఇమిగ్రేషన్ అధికారి రక్షణగా లెక్కలోకి తీసుకుంటాడని నమ్ముకోవద్దు. పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో (అమెరికాలో దిగగానే జరిగే తనిఖీలో) ఫోన్ కూడా తనిఖీ చేయగలరు, కాబట్టి సరదా ఫొటోలూ వద్దు.

ఇక కెరీర్ విషయానికొస్తే, దిగులుపడాల్సిన పని లేదు. స్టాక్, అమ్మకాల డేటా చూసే నైపుణ్యం కిరాణా గొలుసు దుకాణాలకూ, ఫార్మసీలకూ, గిడ్డంగులకూ కావాలి. మిస్సోరిలోనే సెయింట్ లూయిస్ వ్యవసాయ పరిశోధనకు పెద్ద కేంద్రం, కాన్సస్ సిటీ ప్రాంతంలో హెల్త్ ఐటీ పనులు ఉంటాయి. ఈ మొక్క మీదే ఆసక్తి అయితే ఫార్మా దారి ఉంది. దాని నుంచి తీసిన పదార్థంతో చేసిన ఎపిడియోలెక్స్ అనే మూర్ఛ మందుకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అలాంటి పరిశోధన ఫెడరల్ అనుమతులతోనే సాగుతుంది.

ఆఫర్ మీద ఇంకా సంతకం చేయకపోతే మర్యాదగా వద్దని ఈమెయిల్ పెట్టమనండి. ఇప్పటికే చేరి ఉంటే వెంటనే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనండి. లాయర్‌తో మాట్లాడకుండా ఇండియాకు టికెట్ బుక్ చేయొద్దు.