చవకగా దొరికిన పాత యాషికాను విప్పబోయే ముందు

మచిలీపట్నం.

చిరంజీవి కిరణ్‌ను పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

జుమ్మేరాత్ బజారులో పాత ఇనుప సామాను మధ్య ఎనిమిది వందల రూపాయలకు నీకు దొరికిన యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్ అనే ఫిల్ము కెమెరాను చూపిస్తూ నీవు పంపిన ఫోటోలు నాలుగూ చూశాను. పైరేకుకు సొట్ట లేదు, ముందరి అద్దం మీద గీత లేదు, బ్యాటరీ గూడు మాత్రం చిలుము పట్టిన ఇత్తడి చెంబులా పచ్చగా ఉంది. ఆ ధరకు ఇది మంచి బేరమే. ముందుగా ఏ స్క్రూ విప్పాలో చెప్పమని అడిగావు. వారం రోజుల వరకు ఏ స్క్రూనూ ముట్టుకోవద్దన్నదే నా మొదటి సలహా. స్టూడియో నడిపిన రోజుల్లో మరమ్మతు కోసం నా బల్ల మీదికి వచ్చిన కెమెరాల్లో కాలం వల్ల చెడినవాటిని చాలావరకు బాగుచేసి పంపగలిగాను. కొన్నవాళ్లే ఆత్రంగా విప్పేసి, బిగించగా మిగిలిన స్క్రూలను పొట్లం కట్టి మరీ తెచ్చిన కెమెరాలు మాత్రం చాలావరకు ఆ పొట్లంతోనే తిరిగి వెళ్లాయి.

ఈ కెమెరా నడిచే తీరు తెలిస్తే నీ శ్రమ సగం తగ్గుతుంది. ఎలక్ట్రో వరుసలో మొదటిది 1966లో వచ్చింది. నీ చేతిలోని జీఎస్ఎన్ 1973లో వచ్చిన రకం. లెన్సు నోరు ఎఫ్ 1.7 నుంచి 16 వరకు ఎంత తెరవాలన్నది నీవు నిర్ణయిస్తావు; అంకె చిన్నదైతే నోరు పెద్దది. ఫిల్ము మీదికి వెలుతురును వదిలే రేకుల తెర, అంటే షట్టర్, ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్నది, ముందువైపునున్న చిన్న కన్ను మీద పడే వెలుతురును బట్టి లోపలి సర్క్యూట్ నిర్ణయిస్తుంది. బ్యాటరీ లేకపోతే ఆ నిర్ణయం చేసే దిక్కు ఉండదు కనుక, ఆటో మీద (వేగాన్ని సర్క్యూట్‌కే వదిలే అమరిక) ఎండైనా చీకటైనా షట్టర్ సెకనులో 500వ వంతు వేగంతోనే పడుతుంది. వీటిని 'చచ్చిన కెమెరాలు' అని కుప్పలో పడేసి అమ్మడానికి చాలాసార్లు కారణం ఇంతకంటే పెద్దది కాదు. దీనికి పూర్వం వాడిన 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీలు, పాదరసం విషం కావడం వల్ల, ఇప్పుడు తయారు కావడం లేదు. వాటికి బదులుగా 4ఎల్ఆర్44 అనే 6 వోల్టుల బ్యాటరీ తెచ్చుకో. అది పొట్టిగా, సన్నగా ఉంటుంది కనుక చుట్టూ అట్టముక్కను గొట్టంలా చుట్టి, నిలువునా మిగిలిన ఖాళీలో పాత టార్చిలైటు స్ప్రింగు ఒకటి పెడితే సరిపోతుంది. ఆ 0.4 వోల్టుల తేడా నెగెటివు ఫిల్ముకు లెక్కలోకి రాదు.

అయితే కొత్త బ్యాటరీ వేసే ముందు ఆ పచ్చటి చిలుము వదలాలి. కెమెరాను గూడు నోరు నేల వైపు ఉండేలా ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, వెనిగర్‌లో ముంచి బాగా పిండిన దూదిపుల్లతో కిందినుంచి తుడువు. నోరు పైకి పెట్టి తుడిస్తే, ఒక్క బొట్టు లోపలికి జారినా చిలుము కంటే అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. దూదిపుల్ల నీలిపచ్చగా మారుతుంది. దానిని పారేసి మరొకటి తీసుకో. ఎనిమిదో తొమ్మిదో పుల్లలయ్యాక పచ్చదనం పోయి రేకు బయటపడుతుంది. దానిని సన్నరకం ఉప్పుకాగితంతో ఒకటి రెండుసార్లు మాత్రమే రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పూట ఆరనివ్వు.

ఇప్పుడు పరీక్షలు. బ్యాటరీ వేసి వెనుకనున్న చిన్న బటన్ నొక్కితే ఫిల్ము అంకెల కిటికీ దగ్గర పచ్చదీపం వెలగాలి. తరువాత మీటను ఆటో మీద, లెన్సును ఎఫ్ 16 మీద పెట్టి, గదిలో షట్టర్ బటన్‌ను సగం వరకు నొక్కితే వెలుతురు చాలదని పసుపుదీపం, ఎండలోకి వెళ్లి 1.7 మీద పెట్టి నొక్కితే వెలుతురు ఎక్కువైందని ఎర్రదీపం వెలగాలి. ముందున్న కన్నును వేలితో మూసి, బటన్ పూర్తిగా నొక్కి పట్టుకుంటే షట్టర్ తెరుచుకునే ఉండాలి. వేలు తీయగానే మూసుకోవాలి. ఇవన్నీ సరిగా జరిగితే నీ కెమెరాకు గుండె ఆడుతున్నట్టే. ఒకవేళ ఏ దీపమూ వెలగకపోతే, గూటి నుంచి పైకి పోయే తీగ లోపల చిలుముతో తెగి ఉండవచ్చు. అది టంకం పని కనుక తరువాత చూద్దాం.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్షకు కన్నుతో పని లేదు, చెవితోనే. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఫిల్ము తిప్పే మీటను నెమ్మదిగా చివరి వరకు తిప్పు. లోపల బరువుగా 'టక్' మన్న చప్పుడు వినిపించాలి. లోపలి కడ్డీ ఆనుకునే చోట పెసరగింజంత రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. ఇన్నేళ్లకు అది బెల్లంపాకంలా కరిగిపోతుంది. అది కరిగితే ఆ చప్పుడు రాదు, దీపాలు ఇష్టమొచ్చినట్టు వెలుగుతాయి, ఫిల్ము మీద అవసరానికి మించిన వెలుతురు పడుతుంది. ఎలక్ట్రోలన్నిటికీ ఇది వంశపారంపర్యపు జబ్బు. చప్పుడు వస్తే మాత్రం పై మూత తీయవలసిన అవసరమే నీకు లేకపోవచ్చు.

విప్పకుండా చేయగలిగిన పెద్ద పని వెనుక తలుపుది. తలుపు కూర్చునే సన్నటి గాడుల్లో, బందు దగ్గర, వెలుతురు లోపలికి దూరకుండా నల్లటి స్పాంజి ఉండేది. నీ ఫోటోలో అది తారులా కరిగి అంటుకుని కనిపిస్తోంది. ఇనుప వస్తువేదీ అక్కడ పెట్టవద్దు. వెదురుపుల్ల చివరను ఉలిలా చెక్కి, ఆల్కహాల్‌లో తడిపి, గాడి వెంట ఒకే దిక్కుకు లాగితే ఆ జిగురు ఉండలు ఉండలుగా ఊడి వస్తుంది. ఆ ఉండలు షట్టర్ రేకుల వైపు దొర్లకుండా లెన్సు వెనుక కిటికీని ముందుగా కాగితంతో మూసుకో. గాడి మెరిసేవరకు తుడిచాక, దాని పొడవునా నల్ల ఊలు దారం కూర్చోబెట్టు. బందు వైపు నల్లటి ముఖమల్ పట్టీ అంటించు. బజారులో కత్తిరించి అమ్మే స్పాంజి పట్టీల కంటే నాకు ఊలే నచ్చుతుంది, ఎందుకంటే అది మళ్లీ కరగదు. దారం లావుగా ఉంటే తలుపు బిగుసుకుని గొళ్లెం పడదు కనుక, రెండు పోగులు విడదీసి చూసుకుంటూ పో.

చప్పుడు రాక, పై మూత తీయక తప్పదని తేలితే పనిముట్ల దగ్గర పిసినారితనం చేయవద్దు. జపాన్ కెమెరాల స్క్రూల తలగాడి మన బజారు స్టార్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా సరిపోదు. కొన జారి గాడిని నమిలేస్తుంది, ఆ తరువాత ఆ స్క్రూ ఎవరి మాటా వినదు. జపాన్ ప్రమాణపు కొన ఉన్నది కావాలని, జేఐఎస్ అని అడిగి సున్నా, డబుల్ సున్నా సైజులు తెచ్చుకో. ఫిల్మును వెనక్కి చుట్టే రివైండ్ పిడిని ఊడదీయాలంటే తలుపు తెరిచి, లోపలి చీలికలో స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి, పిడిని ఎడమవైపు తిప్పాలి. తీసిన స్క్రూలను తీసిన వరుసలోనే గుంతపొంగణాల పెనం గుంతల్లో పెట్టుకో. మీ పెద్దమ్మ దగ్గర అడిగి తీసుకున్న పెనం నేను ఇరవై ఏళ్లు తిరిగి ఇవ్వలేదు. ఇడ్లీరేకు అయినా పనికొస్తుంది కానీ, ఇప్పటి రేకులకు చిల్లులుంటాయి. ప్రతి భాగాన్నీ తీసే ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకో. మాకు ఆ వసతి లేక బొమ్మలు గీసుకునేవాళ్లం.

మూత తీయగానే, కన్ను పెట్టి చూసే కిటికీ అంటే వ్యూఫైండర్ అద్దాలు దుమ్ముతో కనబడి నీ చేయి ఊరుకోదు. బయటి అద్దాలను తుడవవచ్చు. వాటి మధ్య ఏటవాలుగా నిలబడి ఉన్న అద్దాన్ని మాత్రం గాలిబుడ్డితో ఊదడమే తప్ప ముట్టుకోకూడదు. దాని మీది పలుచటి పూత వల్లనే దూరం సరిచూసే రెండో బొమ్మ కనబడుతుంది. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక గిరాకీ తెచ్చిన రేంజ్‌ఫైండర్ కెమెరాలో (ఇలాగే రెండు బొమ్మలను కలిపి దూరం సరిచూసే రకం) ఆ అద్దాన్ని శుభ్రంగా, ప్రేమగా దూదితో తుడిచాను. దూది మీద బంగారు రంగు మరక వచ్చింది, వ్యూఫైండర్‌లో రెండో బొమ్మ మాయమైంది. ఆ అద్దం ఖరీదు మూడు నెలలపాటు నా జీతంలో కోతపడింది. కరిగిన రబ్బరు ముక్క సంగతికి వస్తే, పాతదాని జిగురును పూర్తిగా గీకి, గట్టి రబ్బరు పలకనుంచి కోసిన ముక్కను పెట్టి, 'టక్' చప్పుడు వినబడేవరకు మందం మార్చి చూడడమే పద్ధతి. ఒక్కసారికి కుదరదు, విసుక్కోకు.

షట్టర్ రేకులు అంటుకుని బద్ధకంగా కదులుతున్నాయనిపిస్తే వాటికి కుట్టుమిషను నూనె వేయమని సలహా ఇచ్చేవారు దొరుకుతారు. వినవద్దు. ఆ రేకులు పొడిగానే ఉండాలి. వాటిని ఆపుతున్నదే ఎప్పటిదో నూనె. లైటర్లలో పోసే నాఫ్తాను దూదిపుల్ల మొనతో అద్ది, నలభై యాభైసార్లు షట్టర్ కొట్టి, ఆరాక మళ్లీ చూడు. లెన్సు లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో టార్చి వేసి వెనుకనుంచి చూడు. అద్దాన్ని అది తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు. అంచున కొద్దిగా ఉంటే అలాగే వదిలెయ్యి, బొమ్మలో కనబడదు. కెమెరాతో వచ్చిన తోలు సంచిలో మాత్రం దానిని పెట్టవద్దు, తోలు చెమ్మ పట్టి ఫంగస్‌ను పోషిస్తుంది. మా బందరు గాలికి నేను పోగొట్టుకున్న లెన్సుల్లో ఎక్కువ అలా పోయినవే. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకో. బియ్యంలో పెడితే చెమ్మ పోతుందో లేదో గానీ తవుడు మాత్రం లోపలికి పోతుంది.

విడిభాగాల కోసమని మరికొన్ని కెమెరాలు కొంటానన్నావు. ఇంకో ఎలక్ట్రో అయితే కొను. ఫ్లాష్ లోపలే అమర్చి ఉన్న చిన్న ఆటోమేటిక్ కెమెరాలను మాత్రం విప్పవద్దు. వాటి కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు బ్యాటరీ తీసిన తరువాత కూడా నిలిచి ఉండవచ్చు.

అంతా అయ్యాక మొదటి రీలును పరీక్షకే కేటాయించు. ఊటీ నుంచి వచ్చే ఇందు రీళ్ల కాలంలో ఒక రీలు వృథా చేయడానికి వెనుకాడేవాళ్లం కాదు; ఇప్పటి ధరకు నీ మనసు ఒప్పదని తెలుసు, అయినా ఒప్పించుకో. కిటికీ దగ్గర బల్ల మీద ఏడు అగ్గిపెట్టెలను ఏటవాలు వరుసలో నిలబెట్టి, ఒక మీటరు దూరంనుంచి నాలుగోదాని మీద ఫోకస్ చేసి 1.7 మీద ఒకటి తియ్యి. మూడోదో అయిదోదో స్పష్టంగా వస్తే రేంజ్‌ఫైండర్ సరిచేయాలని అర్థం. దూరాన ఉన్న సెల్ టవర్‌ను చూస్తూ రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయేమో చూసుకో. తలుపులోంచి వెలుతురు దూరుతోందేమో తెలియడానికి కెమెరాను మిట్టమధ్యాహ్నపు ఎండలో పది నిమిషాలు ఉంచి, ఆ తరువాతి ఫోటో నంబరు పుస్తకంలో రాసిపెట్టు.

రీలు కడిగించినప్పుడు స్కాన్లతో సరిపెట్టుకోకుండా నెగెటివులు అడిగి తీసుకుని నాకు పంపు. రంధ్రాల పక్కన నల్లటి చార ఏ మూలనుంచి మొదలైందో చూస్తే తలుపులో దారం ఎక్కడ సరిగా కూర్చోలేదో ఇక్కడినుంచే చెప్పగలను. మీ పెద్దమ్మ నల్ల ఊలు ఉండ ఒకటి తీసిపెట్టింది, సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్లు. అంతవరకు ఆగలేనంటే కోఠిలో కొనుక్కో, కానీ సన్నరకం అడుగు.

ఇట్లు,
నీ పెదనాన్న