సెలవులకని చెప్పి తీసుకెళ్లకండి

ప్రశ్న: మేము 17 ఏళ్లుగా కువైట్‌లో ఉంటున్నాం. ఇల్లు అబ్బాసియాలో. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు. డిసెంబరు చివర్లో ఆయనకు నోటీసు ఇచ్చారు. మార్చి నెలాఖరుతో ఉద్యోగం ముగుస్తుంది. మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించే ఓపిక లేక, అమలాపురం దగ్గర మా ఊరికి వెళ్లిపోదామని ఇద్దరం నిర్ణయించుకున్నాం. పాప ఇక్కడే పుట్టింది, తొమ్మిదో తరగతి. బాబుకు ఆరేళ్లు. "పరీక్షలయ్యాక సెలవులకని చెప్పి తీసుకెళ్దాం, అసలు సంగతి అక్కడ నెమ్మదిగా చెప్పొచ్చు" అంటున్నారు మావారు. ఆయన తల్లిదండ్రులకూ ఉద్యోగం పోయిందని చెప్పలేదు, సెలవు మీద వస్తున్నామన్నారు. మొన్న పాప తన గదిలో పుస్తకాలకు గోడ అర ఒకటి చేయించమని అడిగితే "చూద్దాంలే" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని ఇన్నేళ్లూ ఎదురుచూసిన నాకే ఇప్పుడు ఏడుపు వస్తోంది. పాపకు చెప్పాలా, వద్దా? వెళ్లాక అత్తగారింట్లో ఉండాలా, వేరే ఇల్లు తీసుకోవాలా?

జవాబు: చెప్పాలమ్మా. ఈ వారమే చెప్పాలి.

అసలు ఈ సంగతి దాచడం ఎలా సాధ్యమో ఆలోచించండి. బడిలో టీసీకి దరఖాస్తు పెట్టాలి. ఫ్రిజ్, సోఫా, మంచాల ఫొటోలు అమ్మకానికని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. కార్గోవాళ్లు తెచ్చిన అట్టపెట్టెలు హాల్లో పేర్చుకోవాలి. అబ్బాసియాలాంటి చోట ఒక బిల్డింగులో ఉన్నవాళ్లకు ఒకరి సంగతి మరొకరికి తెలియడానికి ఒక సాయంత్రం చాలు. పై అంతస్తు పిల్ల చెబితే మీ పాప చెవిన పడుతుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఇప్పటికే ఏదో పసిగట్టి ఉంటుందని నా అనుమానం. గోడ అర అడగడం కూడా మీరేమంటారో చూడటానికే కావచ్చు.

ఒకవేళ దాచగలిగారే అనుకుందాం. అప్పుడు పాప స్నేహితులందరికీ "సెలవులయ్యాక కలుద్దాం" అని చెప్పి వస్తుంది. తనకు తెలియకుండానే తన చేత అబద్ధం చెప్పించినవాళ్లు అవుతారు మీరు. ఇలా వచ్చిన పిల్లలతో నేను మాట్లాడుతూ ఉంటాను. ఊరి మీద, ఎండ మీద, దోమల మీద వాళ్ల ఫిర్యాదులు కొన్నాళ్లే. "అమ్మకు ముందే తెలుసు, అయినా నాకు చెప్పలేదు" అన్నది మాత్రం ఏళ్లు గడిచినా పోదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షన్నరకు పైగా భారతీయులను, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా, విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో చాలామంది చేతిసంచులతో బయలుదేరినవాళ్లే, ఎవరికీ చెప్పి రావడానికి వ్యవధి లేదు. అది యుద్ధం, వాళ్ల చేతిలో లేని పని. మీకు ఇంకా వారాలు ఉన్నాయి. అంత వ్యవధి ఉంచుకుని పాపకు ఆ అవకాశం లేకుండా చేయడం ఎందుకు?

ఇక మీ ఏడుపు సంగతి. "ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే" అనుకుంటూ గల్ఫ్‌లో కాపురాలు నడుస్తాయి. మంచి ప్లేట్ల సెట్టు కొనరు, గోడకు మేకు కొట్టరు, బాల్కనీలో మొక్క పెడదామంటే వేసవి సెలవుల్లో నీళ్లెవరు పోస్తారంటారు. అకామా (నివాస అనుమతి) తేదీలే క్యాలెండరు. అది తాత్కాలికమని అంతగా నమ్ముతాం కాబట్టి, వదిలేటప్పుడు బాధపడే హక్కు కూడా మనకు లేదనిపిస్తుంది. కానీ మీ ఇద్దరు పిల్లలనూ ఆ ఇంట్లోనే పెంచారు. పక్కింటివాళ్లతో కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నారు, దుమ్ముతుఫాను వస్తుంటే కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కారు, శుక్రవారం మధ్యాహ్నం అందరూ కలిసి తిన్నారు. జీవితమంటే అదే కదా. దాని కోసం ఏడవడంలో వింతేమీ లేదు. ఊరికి వెళ్లాలన్న కోరిక కూడా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

మీ వారి గురించి మీరు రాసింది తక్కువే అయినా, ఆయన భయం నాకు అర్థమైంది. పాపకు సెలవులని, తల్లిదండ్రులకు సెలవు అని, రెండు చోట్లా ఒకే మాట చెబుతున్నారు. ఉద్యోగం పోయిందని నోటితో అనలేకపోతున్నారు. ఊళ్లో ఆయనకున్న పేరంతా కువైట్‌తోనే వచ్చి ఉంటుంది. అందువల్ల మీరు ఆయనకు తెలియకుండా పాపకు చెప్పేయకండి, మరో దాపరికం మొదలవుతుంది. పిల్లలు పడుకున్నాక కూర్చుని, కంపెనీ నుంచి చివర్లో రావాల్సిన డబ్బు లెక్క కాగితం మీద పెట్టమనండి. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం ప్రకారం మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తరువాత ఏడాదికి నెల జీతం చొప్పున, మొత్తం ఏడాదిన్నర జీతం మించకుండా చేతికి రావాలి. ఆయన పనిచేసిన 17 ఏళ్లూ ఒకే కంపెనీలో అయితే, కంపెనీయే తీసేసింది కాబట్టి, ఏడాది జీతానికి పైగానే వస్తుంది. సంఖ్య కళ్ల ముందు కనబడితే మనిషికి కొంచెం ధైర్యం వస్తుంది. "ఏమీ మిగల్లేదు" అన్న భావన చాలాసార్లు లెక్క వేయకపోవడం వల్లే వస్తుంది.

పాపకు ఆయనే చెబితే మంచిది, మీరు పక్కన ఉండండి. మాటలు ఎక్కువ వద్దు: "నాన్న ఉద్యోగం మార్చితో అయిపోతుంది. మనం ఇండియా వెళ్తున్నాం, ఇక్కడికి మళ్లీ ఉండటానికి రాం. నీకు ఇంకా ముందే చెప్పాల్సింది." అంతే. వెంటనే "అక్కడ తాతయ్య, నాయనమ్మ ఉన్నారు, కొబ్బరితోటలున్నాయి" అని ఊరడించబోకండి. పాప అరుస్తుంది, తలుపు వేసుకుంటుంది, లేదా ఏమీ పట్టనట్టు ఫోను చూస్తూ కూర్చుంటుంది. మూడోదాన్ని చూసి "పర్లేదు, బాగానే తీసుకుంది" అని మోసపోకండి. ఏటా వచ్చి చూసిపోదామని మాట కూడా ఇవ్వకండి. పుట్టిన ఊరికి వీసా తీసుకుని వెళ్లాల్సిన పిల్ల ఆమె. ఆ సంగతి ఆమెకు మీకన్నా బాగా తెలుసు.

ఆ తరువాత పాపకు కొన్ని నిర్ణయాలు వదిలేయండి. ఎవరెవరిని ఇంటికి పిలవాలో, చివరి శుక్రవారం గల్ఫ్ రోడ్డు పక్కన సముద్రం దగ్గరా, ముబారకియా సూక్ (పాత బజారు)లోనా, ఎక్కడ గడపాలో తననే చెప్పమనండి. తన వస్తువులకు ఒక కార్గో పెట్టె పూర్తిగా ఇచ్చేయండి. అందులో రాళ్లు వేసినా, పాత బొమ్మలు వేసినా బరువు లెక్క చెప్పకండి. పంచిపెట్టేవి ఏమైనా ఉంటే తన చేత్తోనే స్నేహితులకు ఇవ్వనివ్వండి. బాబు చిన్నవాడు, అడిగిందే పదిసార్లు అడుగుతాడు, పదిసార్లూ అదే జవాబు చెప్పండి, చాలు.

తొందరకు ఇంకో కారణం చదువు. సీబీఎస్‌ఈలో పదో తరగతికి నేరుగా కొత్త బడిలో చేరాలంటే, తొమ్మిది ఆ బోర్డు బడిలోనే పాసై ఉండాలి. తండ్రి ఉద్యోగం మారడం వంటి కారణాన్ని కాగితాలతో చూపించి, బోర్డు అనుమతి కూడా తీసుకోవాలి. తరగతులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి. వేసవంతా సెలవుల నాటకం ఆడి జూన్‌లో బడి వెతకడం మొదలుపెడితే పాప ఒక ఏడాది నష్టపోవచ్చు. కంపెనీ నోటీసు కాగితం, మార్కుల జాబితాలు ఇప్పుడే పక్కన పెట్టుకుని, అక్కడి బడులకు ఫోను చేయడం మొదలుపెట్టండి.

అత్తమామలకు విమానం ఎక్కకముందే చెప్పాలి. నెలనెలా పంపే డబ్బు ఇక అలా ఉండదన్న మాట కూడా ఆ ఫోనులోనే రావాలి, సాయంత్రం వేళ, మీవారి నోటి నుంచే. పెద్దవాళ్లు బాధపడతారు, కానీ కొడుకు ఇంటికి వస్తున్నాడన్న సంతోషం కూడా వాళ్లకు ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ సంతోషం వాళ్లకు దొరికిందే తక్కువ. ఇక బంధువులకు గొలుసులు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలతో పెట్టెలు నింపకండి. చేతికొచ్చిన డబ్బుతో గొప్ప చూపిస్తే, ఆ గొప్పను నిలబెట్టడానికి అప్పు చేయాల్సి వస్తుంది. తిరిగి వచ్చిన వెంటనే బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాలు) రెసిడెంట్ ఖాతాలుగా మార్పించుకోవాలి. పన్ను లెక్కకు ముందే ఒక ఆడిటర్‌ను కలవండి.

ఇల్లు గురించి అడిగారు. దిగగానే కొద్దిరోజులు అత్తగారింట్లో ఉండండి, లేకపోతే ఆవిడ మనసు కష్టపడుతుంది. ఆ తరువాత పాపకు బడి ఏ ఊళ్లో దొరికితే ఆ ఊళ్లో అద్దె ఇల్లు తీసుకోండి. పదో తరగతి పిల్లకు తలుపు వేసుకునే గది ఒకటి కావాలి. కొత్తగా ఉద్యోగం లేని మగవాడికి పొద్దున్నే పలకరించడానికి వచ్చే ఊరివాళ్ల నుంచి కొంచెం ఎడం కావాలి. స్థలం కొనడం, ఇల్లు కట్టడం ఇప్పుడే వద్దు. 11 నెలలకు అద్దె ఒప్పందం రాసుకోండి. ఆలోగా మీవారికి పని ఎక్కడ దొరుకుతుందో తేలుతుంది.