కొండారెడ్డి బురుజు యుద్ధ స్మారకమేనా?

ప్రశ్న: మా అబ్బాయిని బడిలో “మన ఊరి యుద్ధ స్మారకం” అనే వ్యాసం రాయమన్నారు. కర్నూలులో అటువంటిది కొండారెడ్డి బురుజేనని మా మామగారు అంటున్నారు. అది నిజమేనా? ఈ ఊరు రాజధానిగా ఉన్నప్పుడు కచేరీలు గుడారాల్లో నడిచాయన్న మాటా నిజమేనా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: మామగారి మాట కాదనడం ఇబ్బందే గాని, అమ్మా, బురుజు యుద్ధ స్మారకం కాదు. స్మారకమంటే పోయినవారి జ్ఞాపకార్థం తరువాతివారు నిలిపినది. బురుజు మాత్రం 16వ శతాబ్దంలో, విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో శత్రువుల రాకను కనిపెట్టేందుకు ఏర్పడిన కట్టడం. కోట చాలావరకు పోయి బురుజు మిగలడంతో, అదేదో విజయానికి గుర్తుగా విడిగా కట్టినట్లు ఇప్పటివారికి తోస్తుంది. పేరేమో గెలిచినవాడిది కాదు, బందీది. 17వ శతాబ్దంలో అలంపురం పాలకుడైన కొండారెడ్డిని కర్నూలు నవాబు ఇందులో నిర్బంధించాడని ప్రతీతి. ఆయన సొరంగం గుండా తుంగభద్ర అడుగు నుంచి తప్పించుకున్నాడని కూడా చెప్పుకుంటారు; నది కింద అంత దూరం తవ్వడమెలాగో ఆ కథ చెప్పేవారెవరూ చెప్పరు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మద్రాసు ప్రెసిడెన్సీలోని పలు ఊళ్ళలో, ఆ ఊరి నుంచి 1914-1919 మధ్య ఎందరు యుద్ధానికి వెళ్ళారో, వారిలో ఎందరు తిరిగి రాలేదో చెక్కిన చిన్న పలకలను గోడలకు బిగించారు. యుద్ధ స్మారకమనే మాటకు తగినవి అవి. వాటిమీద ఒక్కరి పేరైనా ఉండదు, అంకెలే ఉంటాయి.

అబ్బాయి వ్యాసానికి నిజమైన యుద్ధమే కావాలంటే, కర్నూలును ఆనుకునే ఉన్న జోహరాపురం గురించి రాయమనండి. నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగుచేశాడని 1839లో ఈస్టిండియా కుంపిణీ సేనలు కోటను ఆక్రమించుకోగా, అక్టోబరు 18న అక్కడ పోరు జరిగింది. పట్టుబడిన నవాబును తిరుచిరాపల్లికి పంపారు; మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. నవాబుల పాలన అంతటితో ముగిసింది. మన ఊరి పిల్లలకు ఈ పోరు సంగతి తెలియకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

గుడారాల మాట నిజమే. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఒకదాన్ని కోరుకునే హక్కు సీమకు ఉండటంతో, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు, తరువాత హైకోర్టు గుంటూరుకు వెళ్ళాయి. ప్రధాని నెహ్రూ ఇక్కడికి వచ్చి కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించగా, ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రభుత్వం మొత్తానికి సరిపడే భవనాలు జిల్లా కేంద్రంలో ఎక్కడివి? అందుకే డేరాలు వేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.