ముందు మీ ఆయనతో మాట్లాడండి

అందరూ కలిసి వెళ్లిన ప్రయాణంలో రెండో రోజు రాత్రి మీ నాలుగేళ్ల బాబుకి వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే మీ ఆయన "అమ్మనడుగు" అన్నారు. అత్తగారు పొద్దున్నకి అదే తగ్గుతుందన్నారు. మర్నాడు వాళ్లంతా తిరగడానికి వెళ్తే మీరు పిల్లాడితో గదిలో ఉండిపోయారు. ఒక రోజు ముందే తిరిగి రావాల్సొచ్చిందని ఆడపడుచు మాట్లాడ్డం మానేసింది, ఫోన్ చేసి సారీ చెప్పాలా అని మీ ప్రశ్న.

అక్కర్లేదు. పిల్లాడికి ఒంట్లో బాగోలేకపోతే తల్లి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఉత్తరమంతా ఆడపడుచు గురించే, మీ ఆయన గురించి మాత్రం ఆ ఒక్క మాట. అసలు చిక్కు అక్కడుంది. పెద్దవాళ్లని అడగడం తప్పు కాదు. కానీ ఆయన అడగలేదు, మిమ్మల్ని అడగమన్నారు. అత్తగారి మాట కాదంటే చెడ్డపేరు మీకు, విని ఊరుకుంటే పిల్లాడి కష్టమూ మీకే. మీరూ తక్కువ తినలేదు. పొద్దున్నే బండి నడపాలని ఆయన్ని రాత్రంతా లేపలేదు. లేపాల్సింది. అది ఒక్కరి వల్లయ్యే పని కాదు.

గ్లాసు నీళ్లలో అర ప్యాకెట్ ఓఆర్‌ఎస్ కలిపి తాగించానని రాశారు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం లీటరు మంచినీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగిపోయి ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. గ్లాసుడు ఒక్కసారిగా తాగించారు కాబట్టి కక్కేసుంటాడు. వాంతయ్యాక పది నిమిషాలు ఆగి, 5 మి.లీ. చెంచాతో రెండు మూడు నిమిషాలకోసారి పట్టాలి. విరేచనమైన ప్రతిసారీ ఈ వయసుకి 100 నుంచి 200 మి.లీ. లోపలికి వెళ్లాలి, అంటే 20 నుంచి 40 చెంచాలు. ఒక్క విరేచనానికే నలభై నిమిషాల నుంచి రెండు గంటల పని! సగం రాత్రి మీరు, సగం రాత్రి ఆయన.

జ్వరం మందు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. పారాసెటమాల్ కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. బాబు 14 కిలోలన్నారు కాబట్టి 140 నుంచి 210. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3 మి.లీ. చాలు. మిల్లీలీటరులో 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ అదే 3 మి.లీ. పోశారో, రెట్టింపు మోతాదు. సీసా మీద చదివి, సిరంజితో కొలవండి. డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకి నాలుగుకి మించి వద్దు. వేసిన టైము కాగితం మీద రాయాలి. నలుగురున్న గదిలో తల్లి వేసిందని తెలియక నాయనమ్మ ఇంకోసారి వెయ్యడం మామూలే. విరేచనాలు కట్టే పెద్దవాళ్ల మాత్ర ముక్క చేసి వెయ్యొద్దు, ఎవరు చెప్పినా సరే.

ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, ఏడిస్తే నీళ్లు రాకపోయినా, ఓఆర్‌ఎస్ చుక్క కూడా నిలవకపోయినా, విరేచనంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతి, ఫిట్స్, ఆయాసం కనబడినా, లేపితే సరిగ్గా లేవకపోయినా వెంటనే ఆసుపత్రికే. ఎవర్నీ అడగొద్దు, చెప్పి బయల్దేరండి.

అత్తగారి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు మీ ఆయనతో అనండి: "వాడి విషయం మనిద్దరం తేలుద్దాం, మీ అమ్మగారికి మీరే చెప్పండి." గొంతు పెంచొద్దు, ఏడవొద్దు. ఈసారి ప్రయాణానికి ఓఆర్‌ఎస్, థర్మామీటర్, సిరంజి ఆయన్నే సర్దమనండి. బాబు బరువు చూసి సీసా మీద రాసే పని కూడా ఆయనదే.