ఆరున్నర వేలు పక్కన లేక 4,455 కట్టారు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. వయసు 31. చేతికి 38,000 వస్తుంది, ఈఎంఐతో కలిపి ఖర్చు 29,000. జీతం 7న పడుతుంది. మూడు ఖాతాలున్నాయి: పాత కంపెనీ జీతం ఖాతా, పర్సనల్ లోన్ ఈఎంఐ 6,400 ప్రతి 5న పోయే ప్రభుత్వ బ్యాంకు ఖాతా (దీనికి ఇప్పుడు కనీస నిల్వ అక్కర్లేదు), ఇప్పటి జీతం ఖాతా. ఏడాదిలో ఛార్జీల కింద 6,542 పోయాయి. పాత ఖాతాలో 28న 10,000 వేసినా పెనాల్టీ పడింది. ఈఎంఐ బౌన్సయినప్పుడు లోన్ యాప్‌లో 15,000 తీసుకుని కట్టాను. ఛార్జీలు లేని బ్యాంకు ఏది? నెలకు 3,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) మొదలుపెట్టొచ్చా?

సమాధానం: మీకు కొత్త ఖాతా అక్కర్లేదు, ఉన్నవాటిలో ఒకటి మూసేస్తే చాలు. ఛార్జీలు లేని బ్యాంకు కోసం వెతికేవాళ్లలో చాలామందికి మీ సమస్యే ఉంటుంది, అందుకే ఈ జవాబు కాస్త పొడుగు.

మీరు పంపిన లెక్కను విడగొట్టి చూద్దాం. పాత ఖాతాలో కనీస నిల్వ లేదని జీఎస్టీతో 590 చొప్పున 4 సార్లు, 2,360. ఈఎంఐ 3 సార్లు బౌన్సయినందుకు బ్యాంకుకు 295 చొప్పున 885, లోన్ ఇచ్చిన సంస్థకు 590 చొప్పున 1,770. ఈ రెండు తప్పులకే 5,015 అయింది. డెబిట్ కార్డుల వార్షిక రుసుము, ఎస్‌ఎంఎస్ ఛార్జీలు, ఏటీఎంలో పోయినవి అన్నీ కలిపినా 1,071 దాటలేదు. బ్యాంకు మారిస్తే మిగిలేది ఆ వెయ్యిలోంచే. మిగతా 456 సంగతి చివర చెబుతాను, అది అసలు ఛార్జీయే కాదు.

ముందు 28వ తేదీ పెనాల్టీ. బ్యాంకు చూసేది నెలాఖరున ఎంతుందని కాదు. రోజూ రాత్రికి ఉన్న నిల్వలన్నీ కూడి, నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగిస్తుంది. 10,000 సగటు రావాలంటే 30 రోజుల నెలలో ఆ కూడిక 3,00,000 కావాలి. ఖాళీ ఖాతాలో మీరు 28న వేసిన 10,000 మూడు రాత్రులు ఉంది. కూడిక 30,000, సగటు 1,000. ఆ రోజు గట్టెక్కాలంటే లక్ష వేసి మూడు రోజులు ఉంచాలి. ఒకటో తేదీన లక్ష వేసి నాలుగో తేదీన తీసేసుకున్నా లెక్క సరిపోతుంది, విడ్డూరమే అయినా పద్ధతి అదే. వాడని ఖాతా కోసం ఇదంతా దేనికి? ఉద్యోగం మారి వరసగా మూడు నెలలు జీతం పడకపోతే చాలా బ్యాంకులు ఆ ఖాతాను మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తాయి. అక్కడి నుంచి మీటరు తిరుగుతూనే ఉంటుంది.

దాన్ని మూసేయండి, కానీ ఈ వరసలో. ముందుగా ఏడాది స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించుకోండి. తర్వాత మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌లో, ఆదాయ పన్ను పోర్టల్‌లో రీఫండ్ కోసం, గ్యాస్ సబ్సిడీకి ఏ ఖాతా ఉందో చూసి మార్చుకోండి. మూసేసిన ఖాతా పీఎఫ్‌లో ఉండిపోతే విత్‌డ్రాయల్ డబ్బు తిరిగి వెళ్లిపోతుంది. ఆ ఖాతా మీద ఆటో డెబిట్లుంటే రద్దు చేసి, అప్పుడు బ్రాంచికి వెళ్లి చెక్కులు, కార్డు అప్పగించి, మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఖాతా తెరిచి ఏడాది దాటితే చాలా బ్యాంకుల్లో మూసివేత రుసుము ఉండదు.

బాకీ ఉంది, అది కడితేనే మూస్తాం అని కౌంటర్లో అంటే వెంటనే కట్టేయకండి. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. నిల్వ తగ్గిందని బ్యాంకు ముందు ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరంతో చెప్పాలి. చెప్పాక నెలలోగా సరిచేయకపోతేనే జరిమానా వేయాలి. ఆ జరిమానా లోటు మొత్తంలో శాతంగా ఉండాలి, దాని వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. మీ నాలుగు పెనాల్టీలకు ముందస్తు నోటీసు ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో చెప్పమని మెయిల్ పెట్టండి, లేకుంటే వెనక్కి వేయమనండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ 14448.

ఇక అసలు గాయం ఈఎంఐ. జీతం 7న, ఈఎంఐ 5న, పైగా రెండూ వేర్వేరు ఖాతాల్లో. మీ స్టేట్‌మెంట్‌లో ఒకే నెలలో రెండు బౌన్స్‌లున్నాయి, 5న ఒకటి, 8న మళ్లీ ప్రయత్నించినప్పుడు ఇంకొకటి. ఎనిమిదిన జీతం ఖాతాలో డబ్బుంది, ఈఎంఐ ఖాతాలోకి వేయలేదంతే! ఈఎంఐ తేదీని 10కి మార్చమని, మాండేట్‌ను (ఖాతాలోంచి ఈఎంఐ కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) జీతం ఖాతాకు మార్చమని లోన్ ఇచ్చిన సంస్థకు రాయండి. కొత్త మాండేట్ యాక్టివ్ అయిందని మెసేజ్ వచ్చేదాకా ప్రభుత్వ బ్యాంకు ఖాతాలోనూ ఈఎంఐ మొత్తం ఉంచాలి. డబ్బు ముందురోజు రాత్రికే ఖాతాలో ఉండాలి, ఆ రోజు సాయంత్రం వేసి లాభం లేదు. బౌన్స్ రుసుముతో పోయేది కాదిది. ఆలస్యం క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది, చెక్ బౌన్స్ లాగే దీనికీ కేసు వేసే వీలు చట్టంలో ఉంది.

లోన్ యాప్ సంగతి చూస్తే ఓపిక నశిస్తోంది. కావలసింది ఏడు వేలు. తీసుకున్నది 15,000. ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని చేతికిచ్చింది 13,200. 30 రోజుల్లో 15,000 కట్టారు. 13,200 మీద నెలకు 1,800 అంటే ఏడాదికి 160 శాతం పైనే! పల్లెలో పది రూపాయల వడ్డీ వ్యాపారిని జలగ అంటారు, అతను తీసుకునేది ఏడాదికి 120. యాప్ రంగు రంగులుగా ఉండేసరికి జలగ కనపడలేదు. మళ్లీ అలా తీసుకోవద్దు. తప్పనిసరైతే కంపెనీలో అడ్వాన్స్ అడగండి, లేదా బ్యాంకులో బంగారం పెట్టండి. ఇప్పటికే ఏదైనా యాప్ లోన్ క్లిక్ చేసేసి ఉంటే కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూడండి. ఆర్‌బీఐ డిజిటల్ లోన్ నిబంధనల ప్రకారం ఆ గడువులోపు అసలు, వాడుకున్న రోజులకు వార్షిక రేటు లెక్కన పడేది కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.

బౌన్స్‌లకు 2,655, యాప్‌కు 1,800. మొత్తం 4,455. ఇదంతా ఖాతాలో ఒక 6,500 ఊరికే పడి లేనందుకు. కాగితం మీద మీకు నెలకు 9,000 మిగులుతోంది, 5వ తేదీన మాత్రం 6,400 లేదు. ఆ 9,000 ఎటు పోతోందో ముందు పట్టుకోండి. సిప్ ఇప్పుడు వద్దు. ఈ పరిస్థితిలో సిప్ అంటే బౌన్సవడానికి ఇంకో ఆటో డెబిట్, ఫండ్ సంస్థ ఏమీ వసూలు చేయకపోయినా బ్యాంకు చేస్తుంది.

వచ్చే జీతం పడిన రోజే 6,500 జీతం ఖాతాలో దిండులా వేసి, అది లేదనుకోండి. బ్యాంకు యాప్‌లో 8,000 కనిపిస్తే మీ దగ్గరున్నది 1,500 అని లెక్క. ఆ తర్వాతి నెల నుంచి 7,000 వేయండి, ఈఎంఐ వదిలిపోయిన ప్రభుత్వ బ్యాంకు ఖాతాలోకి. దాని పని ఇక అత్యవసర నిధి ఒక్కటే. యూపీఐ లింకు తీసేయండి, డెబిట్ కార్డు వెనక్కి ఇచ్చేస్తే ఏటా ఆ రుసుమూ తప్పుతుంది. లక్ష్యం మూడు నెలల ఖర్చు, అంటే 87,000. ఏడాదికి కాస్త పైనే పడుతుంది. మొదటి 30,000 సేవింగ్స్‌లోనే ఉండనివ్వండి. మిగతాది ఒకే ఎఫ్‌డీగా కాకుండా 10,000 ముక్కలుగా వేయండి. ఆసుపత్రికి 8,000 కావలసి వస్తే ఒక ముక్క విరుగుతుంది, మిగతావాటి వడ్డీ చెడదు. 87,000 నిండాక సిప్ గురించి మళ్లీ రాయండి.

ఏటీఎం విషయం రెండు మాటల్లో. హైదరాబాద్ మెట్రో లెక్కలోకి వస్తుంది కాబట్టి వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు 3 సార్లే ఉచితం, ఊరెళ్తే 5. దాటితే 23 వరకు, పైన జీఎస్టీ. నిల్వ చూసుకోకుండా గీకితే డబ్బు రాకపోగా ఛార్జీ పడుతుంది, మీకు 29.50 చొప్పున 4 సార్లు పడింది.

ఇంట్లో వేరే ఎవరికైనా ఖాతా కావాలంటే బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా అని పేరు పెట్టి అడగండి. కనీస నిల్వ ఉండదు, కార్డు ఉచితం, నెలకు కనీసం 4 విత్‌డ్రాయల్స్ ఉచితం. అదే బ్యాంకులో వేరే సేవింగ్స్ ఖాతా ఉంటే 30 రోజుల్లో మూసేయాలి. పోస్టాఫీసులోనైతే 500 నిల్వ చాలు.

ఇప్పుడు ఆ 456. 'ప్రతి మే నెలాఖరున కోసేస్తున్నారు, ఆపించాలి' అని రాశారు. ఆపించకండి. 436 జీవన జ్యోతి బీమా, 20 సురక్షా బీమా. ఏ కారణంతో పోయినా ఇంటివాళ్లకు 2 లక్షలు, ప్రమాదమైతే ఇంకో 2 లక్షలు. మీ వివరాల్లో వేరే జీవిత బీమా ఏదీ లేదు. ఆ రెండూ మీరు మూసేయబోయే పాత ఖాతాకే ముడిపడి ఉన్నాయి, ఖాతాతో పాటే పోతాయి. ముందు ప్రభుత్వ బ్యాంకు ఖాతాలో వాటిలో చేరి, ప్రీమియం పడ్డట్టు ఎంట్రీ చూసుకున్నాకే పాతదాని జోలికి వెళ్లండి. జీవన జ్యోతిలో కొత్తగా చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప క్లెయిమ్ రాదు, కాబట్టి ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి. ఏటా మే 25 నాటికి ఆ ఖాతాలో 456 విడిగా ఉండేలా చూసుకోండి.