ఉద్యోగం మానే ముందు షావుకార్ల చేత డబ్బు కట్టించండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. వయసు 31. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. నెలకు 68 వేలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 32 వేలు, పర్సనల్ లోన్ వాయిదా 7,500 (ఇంకా పది కట్టాలి). ఎఫ్‌డీ 5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 3.20 లక్షలు. పీఎఫ్ మొదలై నాలుగేళ్ల రెండు నెలలైంది. కిరాణా షావుకారు నోటితో చెబితే అరువు పద్దు రాసుకునే ఏఐ యాప్‌ను గుణుపురంలో నాతో చదివిన స్నేహితుడితో కలిసి తయారు చేశాం. రెండు కొట్లలో ఉచితంగా వాడుతున్నారు. ఏఐ ఖర్చు పద్దుకు పది పైసలవుతోంది. నెలకు 99 రూపాయలు తీసుకుందామనుకుంటున్నాం. కంపెనీని విశాఖలో రిజిస్టర్ చేద్దామని స్నేహితుడు అంటున్నాడు. ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసి, పేపరు మిల్లులో రిటైరైన నాన్నగారు (63) ఇస్తానన్న 10 లక్షలూ కలిపి దిగొచ్చా?

సమాధానం: ముందు ఆ 99 రూపాయల సంగతి చూద్దాం. ఓ మోస్తరు కొట్లో రోజుకు 80 అరువు పద్దులు, నెలకు 26 రోజులు వేసుకోండి. 2,080 పద్దులు. పది పైసల చొప్పున 208 రూపాయలు. మీకొచ్చేది 99. కొట్టుకు 109 చొప్పున చేతి నుంచి పెట్టుకుంటున్నారన్నమాట. ఇలాంటివి 200 కొట్లు దొరికితే మీరు స్వీట్లు పంచుతారు, నేను మాత్రం నెలకు 21,800 నష్టం అని రాసుకుంటాను.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఈ బాధ తక్కువ. ఒకసారి తయారయ్యాక వందో కస్టమరు వచ్చినా వెయ్యో కస్టమరు వచ్చినా అదనపు ఖర్చు పెద్దగా ఉండేది కాదు. ఏఐలో వాడిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది. ఏఐని నడిపే మోడళ్లు మాటల్ని టోకెన్లనే ముక్కలు చేసి లెక్కగడతాయి. అదే సంగతి ఇంగ్లీషులో కంటే తెలుగు, ఒడియా లిపుల్లో సాధారణంగా ఎక్కువ ముక్కలవుతుంది. పైగా విదేశీ మోడలైతే బిల్లు డాలర్లలో. మీ పది పైసల్లో 18 శాతం జీఎస్టీ, డాలర్లలో కట్టినందుకు కార్డు మీద పడే ఫారెక్స్ చార్జీ కలిశాయా? చాలామంది కలపరు. మాట గుర్తుపట్టే పనికి కేంద్ర ప్రభుత్వ ‘భాషిణి’ని కూడా వాడి చూడండి, అందులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ఎలాగోలా ఖర్చు నాలుగు పైసలకు దించినా కొట్టుకు 83 రూపాయలు పోతుంది. కాబట్టి 249కి తక్కువ పెట్టొద్దు.

అంత ఎవరిస్తారు అంటారు. నా అనుమానమూ అదే. అరువు లెక్కలు రాసుకునే ఖాతాబుక్ లాంటి యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఏఐ సేవల సంగతీ అంతే. 2025లో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ప్రోను ఏడాది పాటు, జియో జెమినీ ప్రోను 18 నెలల పాటు ఉచితంగా ఇచ్చాయి. చాట్‌జీపీటీ గో కూడా మన దేశంలో ఏడాది ఉచితమన్నారు. షావుకారుగారి అబ్బాయి ఫోన్‌లో ఇవన్నీ ఉండే ఉంటాయి. ‘మాది ఏఐ యాప్’ అంటే రాయగడ బజారులో ఎవరూ పర్సు తియ్యరు.

తీస్తే దేనికి తీస్తారు? ‘దుయి కిలో పప్పు, పావు లీటరు నూనె, ఎనభై జమ, మిగతా బాకీ’ అని షావుకారు ఒడియా, తెలుగు కలిపి, ఫ్యాను చప్పుడులో, ఇంకొకరికి చిల్లర ఇస్తూ చెప్పినా పద్దు తప్పు పడకపోతే తీస్తారు. పత్తి డబ్బు చేతికొచ్చే రోజుల్లో ఎవరి దగ్గర ఎంత రావాలో ఊరి వారీగా చెప్పగలిగితే తీస్తారు. ఎనభై కాస్తా ఎనిమిది వందలుగా పడిన ఒక్క రోజు చాలు, పాత పద్దుల పుస్తకం మళ్లీ గల్లాపెట్టె పక్కకు వచ్చేస్తుంది. అందుకే తప్పులు సరిచూసే మనిషి జీతం కూడా ఖర్చులో రాయండి. యాప్ తయారీ ఇప్పుడు చవకే, మీరిద్దరే చేసేశారు కదా! దాన్ని నమ్మి డబ్బు కట్టేవాళ్లు వచ్చేదాకా ఇల్లు గడవడానికే పెట్టుబడి కావాలి.

కాబట్టి ఇంకో పది నెలలు ఉద్యోగం మానొద్దు. అప్పటికి లోన్ తీరిపోతుంది, పీఎఫ్‌కు ఐదేళ్లు నిండుతాయి (నిండకముందు తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది, నిండాకా ముట్టుకోవద్దనే నా మాట). నెలకు మిగిలే 28,500 చొప్పున 2.85 లక్షలు చేరి, మొత్తం 11.05 లక్షలవుతుంది. అందులో 18 నెలల ఇంటి ఖర్చు 5.76 లక్షలు పక్కన పెట్టండి. ఉద్యోగంతో పాటే ఆఫీసు ఆరోగ్య బీమా పోతుంది. సొంత పాలసీకి, టర్మ్ ఇన్సూరెన్స్‌కు ఓ 50 వేలు వేసుకోండి. మిగిలేది 4.79 లక్షలు. ఫండ్ల విలువ తగ్గొచ్చు కాబట్టి నాలుగు లక్షలే అనుకోండి. వ్యాపారానికి హద్దు అదే.

ఈలోగా మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి. బయటి పని చెయ్యకూడదనో, మీరు రాసిన కోడ్ కంపెనీదేననో ఉంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క లైను కూడా రాయొద్దు. కొట్లు తిరిగే పని స్నేహితుడికి అప్పగించండి. మీరు ఉద్యోగం మానాలంటే పది కొట్లు వరసగా మూడు నెలలు 249 కట్టాలి. బంధువుల కొట్లు లెక్కలోకి రావు.

నాన్నగారి డబ్బు మాత్రం వద్దు. ఆయన ప్రేమతోనే ఇస్తానన్నారు, కానీ 63 ఏళ్లకు ఆ పది లక్షలు మళ్లీ సంపాదించలేరు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయించండి. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 20,500 వస్తుంది.

కంపెనీ ఇప్పుడే అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే రూపాయి అమ్మకం లేకపోయినా ఆడిటర్ తప్పనిసరి. పది కొట్లు నిలిచాక ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టండి. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు దానికి ఆడిట్ బాధ లేదు. వార్షిక ఫారాలు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, అదనపు రుసుం పడుతుంది. రిజిస్ట్రేషన్ రాయగడలోనే చేయించండి. మీ కొట్లు ఇక్కడున్నాయి, రేపు రాష్ట్ర ప్రభుత్వ ‘స్టార్టప్ ఒడిశా’ సాయం అడగాలన్నా కంపెనీ ఒడిశాలో ఉండాలి.

స్నేహితుడితో ఎవరి వాటా ఎంత, కోడ్ ఎవరిది, ఒకరు మధ్యలో తప్పుకుంటే వాటా ఏమవుతుంది అన్నది ఈ నెలలోనే స్టాంపు పేపరు మీద రాసుకోండి. మీరు జీతం తీసుకుంటూ ఉంటారు, ఆయన కొట్ల చుట్టూ తిరుగుతారు. మొదట మనసులు కష్టపడేది అక్కడే.